మార్పు రేటు లెక్కలు రాకపోతే ఎంపీసీ వదిలేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. అవకలనం (డిఫరెన్షియేషన్, అంటే మార్పు రేటును కనుక్కునే పద్ధతి) సూత్రాలన్నీ వచ్చు కానీ, కదిలే వాహనాలు, జారే నిచ్చెనలపై వచ్చే లెక్కలను వదిలేస్తున్నాడు. ఇంజినీరింగ్ తనకు పడదేమోనంటున్నాడు. ఏం చేయాలి? - ఒక తల్లి

సమాధానం: ఈ ఒక్క రకం లెక్కలను బట్టి గ్రూపు మార్చే ఆలోచన చేయకండి. సూత్రాలు వచ్చిన విద్యార్థి ఇక్కడ తడబడుతున్నాడంటే, లోపం సాధారణంగా అవకలనంలో కాక, ప్రశ్నలోని మాటలను సమీకరణంగా రాసుకోవడంలో ఉంటుంది.

ఒక కూడలి నుంచి తూర్పుకు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఈ క్షణానికి 4 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, ఉత్తరం నుంచి అదే కూడలికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మరో కారు ఇంకా 3 కిలోమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. ఇప్పుడు వాటి మధ్య దూరం ఏ రేటున మారుతోంది? చాలామంది బొమ్మ గీయగానే భుజాల మీద 3, 4, 5 వేసేస్తారు. లెక్క చెడేది అక్కడే. స్థిరసంఖ్యను అవకలనం చేస్తే మిగిలేది సున్నాయే కదా. కూడలి నుంచి కార్ల దూరాలను ఎక్స్, వై అనీ, వాటి మధ్య దూరాన్ని జెడ్ అనీ తీసుకొని, ఎక్స్ వర్గం, వై వర్గాల మొత్తం జెడ్ వర్గానికి సమానమని ముందు రాసి, దాన్ని కాలం దృష్ట్యా అవకలనం చేశాకే విలువలు ప్రతిక్షేపించాలి. అప్పుడు ఎక్స్‌ను దాని రేటుతోనూ, వైని దాని రేటుతోనూ గుణించి కూడితే వచ్చేది జెడ్, దాని రేటుల లబ్ధానికి సమానం. రెండో కారు కూడలిని సమీపిస్తోంది కనుక వై రేటు మైనస్ 40. కాబట్టి 240లోంచి 120 తీసేసి 5తో భాగిస్తే గంటకు 24 కిలోమీటర్లు, అంటే దూరం పెరుగుతోంది. మైనస్ మరిచిన వారికి 72 వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఆ సంఖ్యను ఆప్షన్లలో పెట్టకుండా ఉంటారని నేననుకోను.

కొన్నాళ్లు జవాబు దాకా వెళ్లనివ్వకుండా బొమ్మ, చలరాశులు, వాటి మధ్య సంబంధం, రేట్ల గుర్తులు మాత్రమే రాయించండి. కలనగణితం (కాల్‌క్యులస్) తెలియకపోయినా, ‘ఇందులో ఏది మారుతోంది, ఏది మారడం లేదు?’ అని మీరే అడగవచ్చు. నిచ్చెన లెక్కలో నిచ్చెన పొడవు మారదు. కార్ల లెక్కలో మూడు దూరాలూ మారుతాయి.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 80 గణితానివే కాబట్టి, ఒక అధ్యాయంలోని ఈ చిన్న భాగం ఒక్కటే ర్యాంకును నిర్ణయించదు. అయినా వేగం, త్వరణం కూడా మార్పు రేట్లే కనుక దీన్ని పూర్తిగా వదిలేస్తే భౌతికశాస్త్రంలోనూ ఇబ్బంది తప్పదు. సాధన తర్వాత కూడా గణితం, భౌతికశాస్త్రం రెండింటిపైనా అయిష్టత కనిపిస్తే, అప్పుడు అధ్యాపకులతో మాట్లాడి ఇతర కోర్సుల గురించి ఆలోచించండి.