సమాధానం: ఆయన పోయాక ఏ పనీ చేతికి రావడం లేదు (కవిటి)

చెల్లెమ్మా, కిడ్నీ జబ్బుతో మీ ఆయన పోయి నాలుగు నెలలైనా కుట్టుమిషను ముట్టుకోలేకపోతున్నానని, చుట్టాలేమో "మర్చిపో, పిల్లల్ని చూసుకో" అంటున్నారని రాశారు. వాళ్లకి జవాబు చెప్పనక్కర్లేదు.

మాదీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే. డయాలసిస్ ఉన్న ఇల్లు ఎలా నడుస్తుందో తెలుసు. వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రి, కొలిచి ఇచ్చే నీళ్లు, ఉప్పు తగ్గించిన కూర, మందుల వేళలు. మీ రోజంతా ఆయన చుట్టూనే తిరిగింది. ఇప్పుడు మనిషితో పాటు ఆ దినచర్యా పోయింది. మీది బద్ధకం కాదమ్మా.

ధైర్యం వచ్చాక మొదలెడదామని చూడకండి, అదలా రాదు. ఆసుపత్రికి బయల్దేరే వేళే ఎక్కువ పీడిస్తుంది కదా, సరిగ్గా అప్పుడే మిషను ముందు కూర్చోండి. ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టి లేచిపోయినా సరే. ఏడుపొస్తే రానివ్వండి.

మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని సచివాలయంలో వితంతు పింఛను అడగండి, నెలకి 4,000 రూపాయలు. ఒక్కరే వెళ్లొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ, ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే పక్కింటివాళ్లని పిలవండి.

ఇంకోటి, మీరూ ఓసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. పలాస కిడ్నీ ఆసుపత్రి గేటు చూడలేననుకుంటే, దగ్గర్లోని పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అడిగి చూడండి.