‘కింద పడే జాబితా’ అనవచ్చా?

సందేహం: వెబ్ పేజీల్లో ఉండే డ్రాప్‌డౌన్ మెనూని ఒకచోట ‘కింద పడే జాబితా’ అని రాశారు. ఇది సరైన తెలుగేనా? దాని మీద ‘ఎన్నుకోండి’ అని ఉండాలా, ‘ఎంచుకోండి’ అనా?

సమాధానం: ‘కింద పడే’ అని చదవగానే పట్టుకోవడానికి చెయ్యి చాపాలనిపిస్తుంది! తెలుగులో పడడం చాలావరకు మన ప్రమేయం లేకుండా జరిగేది. కాలు జారి పడతాం, చేతిలోది కింద పడుతుంది. ఈ మెనూ మనం నొక్కితేనో, మౌస్ దాని మీదికి తెస్తేనో తెరుచుకుంటుంది. కాబట్టి ‘తెరుచుకునే జాబితా’ నయం. డ్రాప్‌డౌన్ అన్నా తప్పులేదు. అచ్చ తెలుగే కావాలని పట్టుబడితే ‘జాబితా’తోనూ చిక్కే, అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. సూచన రాసేటప్పుడు మాత్రం ఆ పేరుతోనే పనిలేదు: ‘బాణం గుర్తు నొక్కి మీ భాష ఎంచుకోండి’ అంటే చాలు.

ఎన్ను, ఎంచు రెండింటికీ లెక్కించడం అనే అర్థం ఉంది. అందుకే తప్పులెన్నడం, తప్పులెంచడం రెండూ వింటాం. ‘దారి ఎన్నుకున్నాడు’ అన్నా తప్పు కాదు. కానీ ఎన్నికల పుణ్యమా అని ఇప్పుడు నాయకుణ్ణి ఎన్నుకుంటున్నాం, చొక్కా రంగు ఎంచుకుంటున్నాం. మెనూకి రెండోదే నప్పుతుంది. ‘ఎంపిక చేయబడవలెను’ మాత్రం వద్దు బాబూ.

మీరు అడగలేదు గానీ, మాటకీ పనికీ పొత్తు కుదరని చోటు ఒకటుంది. కొన్ని పేజీల్లో ‘ఎంచుకోండి’ అనే పెట్టెలో ఒక పేరు మీదికి వెళ్లీ వెళ్లకముందే వేరే పేజీకి ఎగిరిపోతాం. కీబోర్డుతో ఒక్కొక్కటే దిగుతూ చూసేవాళ్లు మొదటి పేరు దాటి రాలేకపోవచ్చు. ముందుగా చెప్పకుండా ఇలా చేయకూడదని 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0లోనే (వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లకూ అందుబాటులో ఉండడానికి రాసిన మార్గదర్శకాలు) ఉంది. ఎంచుకోవడం వేరు, వెళ్లడం వేరు. పక్కన ఒక బటన్ ఉంటే సరిపోతుంది.

ఆ బటన్ మీద ‘చూపించండి’ అని కాక ‘చూపించు’ అని రాయమంటాను. ‘ఎంచుకోండి’ అనేది పేజీ మనతో అనే మాట, అక్కడ మర్యాద కావాలి. బటన్ మీదిది మనం యంత్రంతో అనే మాట, దానికి ‘అండి’ దేనికి?