తోక ఊపుతూనే గుర్రుమంటే

తోక ఊపడం ప్రతిసారీ సంతోషం కాదు. మీ కుక్క తోక ఊపుతూనే ఇంటికొచ్చిన పిల్లాడి మీద గుర్రుమందంటే, అది చాలావరకు భయం, టెన్షన్.

1. తోక పైకి లేచి, బిగుసుకుని, చిన్నగా వేగంగా కదిలితే అది హెచ్చరిక. ఒళ్లంతా వదులుగా, నడుముతో సహా ఊగితేనే స్నేహం.

2. చాలామంది గమనించనిది ఇదే: గుర్రుమనక ముందే ముఖం చెప్పేస్తుంది. తల పక్కకు తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం, ఉన్నట్టుండి కదలకుండా బిగుసుకుపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే పిల్లాణ్ణి దూరంగా తీసుకెళ్లండి. కుక్కకి పక్కకు వెళ్లే దారి వదలండి.

3. గుర్రుమన్నందుకు దయచేసి కొట్టొద్దు, తిట్టొద్దు. అలా చేస్తే కుక్క గుర్రుమనడం మానేసి, ఈసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

4. ఇలా గుర్రుమనడం కొత్తగా మొదలైతే ఎక్కడో నొప్పి ఉండొచ్చు. వెటర్నరీ డాక్టరుకు చూపించండి.