చప్పుడు లేని దెబ్బ

(పాఠకుల ఉత్తరాలకు విజయనగరం వయొలిన్ టీచరు జవాబులు)

ప్రశ్న: టీచరు గారూ, నేను ఆమదాలవలసలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా తమ్ముడితో కలిసి 'స్పిరిటెడ్ అవే' చూశాను. చిహిరో, హకు ఒకరి కోసం ఒకరు అంత చేశారు కదా, చివర్లో చెయ్యి వదిలేసి వెళ్ళిపోవడమేనా? ప్రేమ అన్న మాట ఒక్కసారైనా అనుకోరేం? మా ఫ్రెండు అది వట్టి స్నేహమే అంటాడు. వాడూ నేనూ ఆరో తరగతి నుంచీ ఒకటే బస్సు. మీ ఇద్దరిదీ ఏమిటని పక్కింటివాళ్ళు అడుగుతున్నారు. ఏమని చెప్పాలో తెలీడం లేదు.

జవాబు: ఆ జపనీస్ బొమ్మల సినిమా 2001లో వచ్చింది. నేను మాత్రం పోయిన వేసవిలో మా మనవరాలితో కూర్చుని చూశాను. అమ్మానాన్నలు పందులైపోయి ఆ పిల్ల దిక్కులేకుండా ఉన్నప్పుడు హకు అన్నం ముద్దలు తెచ్చి ఇస్తాడు, గుర్తుందా? తింటూ ఏడుస్తుంది. ఆ కన్నీటి బొట్లు ఎంత పెద్దవిగా గీశారో! అతను ఓదార్పు మాటలు పెద్దగా చెప్పడు, పక్కన కూర్చుంటాడు.

ఆ పిల్ల దానికి బదులు ఆకాశంలో ఎగురుతూ తీర్చుకుంది. చిన్నప్పుడు తాను పడిపోయిన ఏరు కొహకు నది అని చెప్పగానే అతనికి తన పేరు గుర్తొచ్చింది. హకు ఆ ఏటి దేవతే, అప్పుడు ఆ పిల్లని ఒడ్డుకు చేర్చింది అతనే. ఆ ఏటిని పూడ్చి అపార్టుమెంట్లు కట్టేశారు. పేరు పోగొట్టుకున్నవాడికి పేరు తెచ్చి ఇచ్చింది తల్లీ, నా లెక్కలో దాన్ని మించిన మాట లేదు. నాగావళి పక్క పిల్లవి, సంగాంలో శివరాత్రికి మునిగేవాళ్ళు ఏటితో ఎలా మాట్లాడతారో నువ్వూ చూసే ఉంటావు.

ఈ సినిమా తీసిన మియజాకి ఒక ఇంటర్వ్యూలో చప్పట్లు కొట్టి చూపించి, రెండు చప్పట్ల మధ్య ఖాళీని తమ భాషలో 'మా' అంటారని చెప్పారు. అది చదవగానే నాకు మా సంగీత కళాశాల గుర్తొచ్చింది. 1919లో మొదలైన ఆ కాలేజీలోనే నేను ఆది తాళం నేర్చుకున్నాను. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. విసురుకి అరచెయ్యి వెల్లకిలా తిరుగుతుంది, చప్పుడు రాదు. అయినా దానికీ లెక్క ఉంది. అది మింగేస్తే తాళం తప్పుతుంది. హకు చెయ్యి వదిలాక తెరమీద అతని చెయ్యి ఒక్కటే ఒక క్షణం గాలిలో నిలబడుతుంది. అది విసురు.

నా సంగతీ చెబుతాను. డిప్లొమా రోజుల్లో కమానుకి రాసే నా రోజిన్ బిళ్ళ కిందపడి పొడైపోయింది. కొత్తది కొనమని ఇంట్లో అడగలేను. మర్నాడు వయొలిన్ పెట్టె తెరిస్తే కాగితంలో చుట్టిన సగం బిళ్ళ ఉంది. నాది తేనెరంగు, ఇది నల్లది. క్లాసులో నల్లది వాడేది బొబ్బిలి నుంచి రైల్లో వచ్చే అబ్బాయి ఒక్కడే. నేను ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి అతని తంత్రి తెగితే, నేను దాచుకున్నది అతని పెట్టెలో పెట్టాను. రెండేళ్ళూ అలాగే గడిచాయి. తర్వాత అతను ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ బిళ్ళ అరిగి అరిగి గోరంత మిగిలింది, ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

అందుకే మీ ఫ్రెండు 'వట్టి స్నేహం' అన్నాడు చూడు, ఆ 'వట్టి' నాకు నచ్చలేదు. ఆ మాట నువ్వే వాడికి చెప్పు.

అయితే అన్ని మౌనాలూ ఒకటి కావు. షింకాయి 2007లో తీసిన '5 సెంటీమీటర్స్ పర్ సెకండ్'లో కనాయే అనే పిల్ల చెబుదామని వెళ్ళి, ఆ అబ్బాయి మనసు ఎక్కడో దూరంగా ఉందని గ్రహించి, చెప్పకుండానే వచ్చేసి ఏడుస్తుంది. చెప్పనందువల్ల నీకు నిద్ర పట్టడం లేదంటే చెప్పెయ్. హాయిగా పడుతోందంటే పక్కింటివాళ్ళ కోసం పేరు వెతక్కు.

ప్రశ్న: మేడమ్, మాది నరసన్నపేట. 'ఎ సైలెంట్ వాయిస్' సినిమాలో చెవులు వినపడని అమ్మాయి ఏదో అంటే, ఆ అబ్బాయి చందమామ గురించి మాట్లాడతాడు. నాకు అర్థం కాలేదు.

జవాబు: జపనీస్‌లో ఇష్టం అనడానికి 'సుకి', చందమామకి 'త్సుకి' అంటారు బాబూ. షోకో రోజూ సైగలతో మాట్లాడే పిల్ల. ఆ రోజు మాత్రం పట్టుబట్టి నోటితో చెప్పింది. షోయాకి అది చందమామలా వినపడి, బాగుందని ఆకాశం చూశాడు. తెలుగులో రాసినా ఆ పొరపాటు మనకు అందదు. ఒక్కసారి ఆ రెండు మాటలూ పైకి అనుకుని మళ్ళీ చూడు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు. ఇలాంటివి చూపించొచ్చా అండీ? (బొబ్బిలి నుంచి ఒక తల్లి)

జవాబు: 'ఎ సైలెంట్ వాయిస్' ఇప్పుడే వద్దమ్మా. బడిలో ఏడిపించడం, ప్రాణం తీసుకోబోవడం ఉన్నాయి. పెద్దయ్యాక, మీరు పక్కనుండగా చూడనివ్వండి. ముందు 1988 నాటి 'మై నైబర్ టొటోరో' పెట్టండి. అక్కాచెల్లెళ్ళు వానలో నిలబడి ఉంటే, ఎప్పుడూ వెక్కిరించే కంటా అనే పిల్లాడు మాటామంతీ లేకుండా గొడుగు చేతిలో పెట్టి తడుస్తూ పరిగెత్తుతాడు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో గొడుగు మర్చిపోయానంటాడు, తిట్లు తింటాడు. ఆ తిట్ల దగ్గర పాప మొహం చూడండి.