బానెట్ ఎత్తకముందు కింద చూడు

కావలి,
బుధవారం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సింగరాయకొండ రైస్ మిల్లు షెడ్డులో ఉన్న ఆ తెల్ల అంబాసిడర్, 1977 మోడల్, మార్క్ 3. పెయింట్ అద్దంలా ఉంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. మీ అత్తకు చూపిస్తే, "వీడికి కూడా మీ పిచ్చే పట్టిందే" అంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మామా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఇది చదివేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నేను 1988లో కొన్న మొదటి కారూ అంబాసిడరే. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. ఇంజన్ స్టార్ట్ చేయించా, పొగ రాలేదు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశా. కింద వంగి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఆరు నెలల తర్వాత బిట్రగుంటలో పెళ్లికి తొమ్మిదిమందిమి ఎక్కి పోతున్నాం. దారిలో నీళ్లగుంటలో చక్రం దిగిందో లేదో, వెనక సీటు దగ్గర బురదనీళ్లు కింద నుంచి ఎగజిమ్మాయి. మీ అమ్మ పట్టుచీర నడుము దాకా ఖరాబు. మ్యాట్ తీసి చూస్తే రేకు లేదు, రోడ్డు కనపడుతోంది. అమ్మినాయన చిల్లుల మీద గోనెపట్టా పరిచి, తారు పూసి, పైన మ్యాట్ వేశాడు. మీ అమ్మ ఇప్పటికీ ఆ చీర లెక్క నా ఖాతాలోనే రాసుకుంటుంది.

లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసీ, అంటే కింద బరువు మోసే ఇనప చట్రం, ఉండదు. బాడీయే చాసీ. ఫియట్ కూడా అంతే. ఇంజన్ పోతే రీబోర్ చేయించొచ్చు, అంటే అరిగిన సిలిండర్లు మళ్లీ తొలిపించొచ్చు, పిస్టన్లు మార్చొచ్చు. ఆ 1489 సీసీ ఇంజన్ విప్పి బిగించగలిగే పాత మేస్త్రీలు మనవైపు ఇంకా ఉన్నారు. సామాను కావాలంటే చెన్నై పుదుపేట ఉంది, విజయవాడ ఆటోనగర్ ఉంది. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయినా పార్టులకు ఇప్పటికైతే మరీ కరువు లేదు. కానీ అడుగు రేకును తుప్పు తినేసిందనుకో, టింకరింగ్‌కు పెట్టే డబ్బుతో ఇంకో కారు వస్తుంది.

కాబట్టి బానెట్ జోలికి పోకముందు పాత లుంగీ ఒకటి పరిచి కారు కింద పడుకో. స్క్రూడ్రైవర్ పిడితో డోర్ల కింది పట్టీల పొడవునా మెల్లగా కొట్టుకుంటూ రా. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా మోగుతుంది, పెచ్చులు రాలుస్తుంది. తర్వాత చిన్న అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి మడ్‌గార్డుల మీద, డిక్కీ అంచుల మీద జరుపు. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు లేదు, పేస్టు పెట్టి పెయింట్ కొట్టారు. ఆఖరున జాకీ వేయించు. ఎత్తకముందు తేలిగ్గా పడిన డోరు ఎత్తాక పట్టేస్తే బాడీ నడుము వంగుతున్నట్టే. అమ్మేవాళ్లు ఏం చెప్పినా నవ్వుతూ విని ఇంటికి వచ్చెయ్.

సింగరాయకొండ అనగానే నా గుండె ఝల్లుమన్నది ఇందుకే. పాకల సముద్రం ఎంత దూరం అక్కడికి? ఉప్పుగాలికి షెడ్డు తలుపులేం అడ్డం! నా మాట వింటే కనిగిరి, పొదిలి, ఉదయగిరి మెట్టప్రాంతాల్లో వెతుకు. అక్కడి ఎండకు రబ్బర్లు పగులుతాయి, సీట్లు చిట్లుతాయి, అవన్నీ చిల్లర ఖర్చులు. రేకు మాత్రం నిలబడుతుంది.

కాగితాల దగ్గర మొహమాటపడకు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, చాసీ నంబరు నీ కళ్లతో బండి మీద చదువు. మైలేజీ కోసం పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించినవాళ్లు అప్పట్లో చాలామంది. అది ఆర్‌సీలో ఎక్కకపోతే తలనొప్పి నీకే. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, అది జరిగిందో లేదో చూడు. 2027 దాకా ఆగితే యాభై ఏళ్లు నిండుతాయి, పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు తీసుకుంటానన్నావు. 2021లో వచ్చిన ఆ రూల్ నేనూ చదివాను. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీకో ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలుకో తీయాలంతే. నీకు బొమ్మ కావాలా, బండి కావాలా? బండే అయితే మామూలు ఆర్‌సీని రెన్యూవల్ చేయించుకుంటూ పో.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు పైపులు, ఇంజన్‌కు పెట్రోలు లాగే పంపులోని డయాఫ్రం, అదే లోపలి రబ్బరు పొర, దానికి ఆగవు. కొన్న వారంలోనే అవి మార్పించు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, నెలల తరబడి కదలని బండికి ట్యాంకు లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. ఆదివారం ఆదివారం ఇరవై కిలోమీటర్లన్నా తిప్పాలి. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నుల దగ్గర గ్రీసు ఎక్కించే నిపుల్స్ ఉంటాయి, గన్‌తో గ్రీసు కొట్టడం నువ్వే నేర్చుకో.

మే నెలలో హైవే ఎక్కితే ఒక వాటర్ బాటిలు, ఒక పాత బనియన్ కారులో ఉండాలి. నవ్వకు. ఓసారి మధ్యాహ్నం రెండింటికి ఒంగోలు నుంచి వస్తుంటే టంగుటూరు దాటాక బండి తుంయ్ తుంయ్ అని ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉంది, పంపులోకి రావట్లేదు. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోయింది. ఇంజన్ పంపు ఆవిరిని లాగలేదు కదా. ఒక లారీ డ్రైవరు ఆగి, తన తువ్వాలు తడిపి పంపు మీద చుట్టాడు. పావుగంట చెట్టునీడన కూర్చున్నాం, అరటిపళ్లు తిన్నాం, బండి స్టార్టయింది. ఆ తువ్వాలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

స్టీరింగ్ పక్కన గేరు కదా, ఆ కడ్డీని గేర్‌బాక్స్‌కు కలిపే లింకులు అరిగితే ఫస్టుకీ రివర్స్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు కడ్డీని బలవంతంగా లాగకు. ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తి, కింద లింకును చేత్తో కదిలిస్తే ఇరుక్కున్న గేరు వదులుతుంది. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, ఇప్పటి కారులా కాలు ఆనించగానే ఆగదు. ముందు బండికి దూరం ఉంచు, లారీలతో పోటీ వద్దు.

బ్యాటరీ దిగితే ముందు నుంచి దూర్చి ఇంజన్ తిప్పే ఇనప హ్యాండిల్ తిప్పాలి. బొటనవేలు మిగతా వేళ్లతోపాటు ఒకే వైపు ఉంచి పట్టుకో, పిడికిలి బిగించకు. ఇంజన్ ఎదురు తన్నితే హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరుగుతుంది. 1991లో నా బొటనవేలు అలాగే విరిగింది. నువ్వు చిన్నప్పుడు "మామా, వేలు వంకర ఎందుకు" అని అడిగితే పాము కరిచిందని చెప్పాను. అబద్ధం.

2003లో ఆ బండిని అమ్మేశాను. ఎంతకో రాయను, సిగ్గు. హ్యాండిల్ మాత్రం ఇవ్వలేదు, అటక మీద ఉంది.

ఆదివారం పొద్దున నేను సింగరాయకొండ వస్తా, నువ్వు ఒంగోలు నుంచి దిగు. పాత లుంగీ నేను తెస్తా, అయస్కాంతం నువ్వు తీసుకురా. రేకు బాగుంటే హ్యాండిల్ నీదే.

మీ మామ