ఊహాగానం అనే మాటలోకి గానం ఎందుకొచ్చింది?

నిరూపణ లేని మాటల్ని ఊహాగానాలు అంటాం కదా, అందులో పాట ఎక్కడుంది అని అడిగారు. పాట ఉంది. సామవేదంలో ఊహగానం అని ఒక గాన గ్రంథమే ఉంది. ఈ సంగతి తిరుపతిలో మా పక్కింటి సామవేదం అయ్యవారు చెప్పారు. అదీ మా మామ రెండు లక్షలు పోగొట్టుకున్న రోజునే.

2022 జనవరి నెలాఖరు. చిత్తూరు జిల్లాను విడగొట్టి తిరుపతి కేంద్రంగా శ్రీబాలాజీ జిల్లా చేస్తామని ముసాయిదా వచ్చింది. టీకొట్టు దగ్గర ఎవరిని కదిపినా కలెక్టరాఫీసు కబురే. పొద్దున్నే మామ పేపరు పట్టుకొని వచ్చాడు. "కరకంబాడి పక్కే వస్తాదంట. పేపర్లో కూడా ఊహాగానాలు అని వేసినారు. ఈరోజే ప్లాటుకు అడ్వాన్సు కట్టేస్తా" అన్నాడు. అమ్మ వద్దంటోంది, మామ వినడం లేదు.

అరుగు మీద కూర్చున్న అయ్యవారు ఆ మాట పట్టుకున్నారు. "ఊహగానం మా పుస్తకం పేరు నాయనా. ఒక ఋక్కుకు, అంటే వేదంలో పద్యానికి, నేర్చుకున్న సామాన్ని, అంటే పాట వరసను, సోమయాగంలో వేరే ఋక్కుల మీద ఎట్లా పాడాలో అందులో ఉంటుంది. మంత్రంలోనూ అంతే. అగ్నికి చెప్పింది సూర్యుడికి చెప్పాల్సి వస్తే 'అగ్నయే' తీసి 'సూర్యాయ' అంటాం. అదీ ఊహ. దానికో లెక్క ఉంది. నీ ప్లాటుకు ఏం లెక్కుంది?"

"మీకు తెలీదులే సామీ" అని మామ వెళ్లిపోయాడు. సాయంత్రానికి డబ్బు కట్టేశాడు. ఏప్రిల్ 4న జిల్లా వచ్చింది, తిరుపతి జిల్లా అన్న పేరుతో. కలెక్టరాఫీసు తిరుచానూరు పద్మావతి నిలయంలో పెట్టారు. అడ్వాన్సు తీసుకున్నాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ రసీదు ఇప్పటికీ మామ పర్సులోనే ఉంది.

పేపర్ల వాళ్ల ఊహాగానం ఆ సామవేదం మాట నుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం. లేకపోతే ఊహ పక్కన గానానికి ఏం పని? వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యంలో చూపిన ప్రయోజనాల్లో ఊహ ఒకటి. అంత చదువు కావలసిన పనికున్న పేరు తెచ్చి గాలికబురుకు తగిలించారు. "ఊహాగానాలు జోరందుకున్నాయి" అని రాస్తే చాలు, ఎవరన్నారో, ఎందుకన్నారో చెప్పక్కర్లేదు. దాన్ని నమ్మి మామలాంటి వాళ్లు అప్పు చేస్తారు. పుకారు అని రాసుంటే మామ కూడా ఒక్క రోజు ఆగేవాడు. ఆ మాట వింటేనే మనిషి కాస్త జంకుతాడు.

అనుమానానికీ ఇదే గతి పట్టింది. న్యాయమనే మన పాత తర్కశాస్త్రంలో అది ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే ఒక దారి: కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చి చెప్పడం. మన ఇళ్లలో అనుమానం అంటే మొగుడూ పెళ్లాల గొడవ.