ఒక్క మార్కు కోసం మూడు పుస్తకాలు

మూలకాల సాంద్రత, ద్రవీభవన స్థానం లాంటివి పుస్తకానికో రకంగా ఉన్నాయి, నమ్మదగ్గ పట్టిక ఒక్కటి చెప్పండి అని అడిగారు. అలాంటిది లేదండీ. ఉందని ఎవరైనా అంటే, ఆయన రెండో పుస్తకం తెరిచి చూడలేదన్నమాట.

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. ఓ ఆదివారం పరీక్షలో ఒక బిట్ ఇచ్చాను: మూలకాలన్నిటిలో సాంద్రత ఎక్కువ దేనికి? నా కీలో ఇరిడియం. నా డిగ్రీ నోట్సులోంచి దిగిన కీ అది, ఏటా అదే నడుస్తోంది. ఒకమ్మాయి ఆస్మియం అని రాసింది. కొట్టేశాను.

మర్నాడు సాయంత్రం వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కొండకు జీపు తోలతాడు, యూనిఫాం కూడా మార్చుకోలేదు. చంకలో మూడు పుస్తకాలు. "ఏమనుకోవద్దు సార్, పాప రాత్రి అన్నం తినలే. ఏది కరెక్టో మీరే చెప్పండి" అన్నాడు. ఒకదాంట్లో ఆస్మియం ఎక్కువ, ఇంకోదాంట్లో ఇరిడియం ఎక్కువ, మూడోదాంట్లో రెండిటికీ 22.6 అని వేసి చేతులు దులుపుకున్నారు. నాకు చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ఒక్కసారే కరెంటు పోయినందుకు సంతోషించాను. "రేపు చూసి చెప్తానమ్మా" అని పంపించేశాను.

పొద్దున్నే యూనివర్సిటీ లైబ్రరీకి పోయి సీఆర్‌సీ హ్యాండ్‌బుక్ పాత ముద్రణ ఒకటి తీశాను. రసాయన, భౌతిక శాస్త్రాల అంకెల పట్టికలతో 1913 నుంచి వస్తున్న పుస్తకం. అచ్చువేసిన కంపెనీ పేరులో రబ్బర్ ఉండటంతో దాన్ని రబ్బర్ బైబిల్ అనేవాళ్లు. నా గొడవ తీరుస్తుందనుకుంటే పెంచింది. కొలిచి చూస్తే ఆస్మియం 22.57, ఇరిడియం 22.42. స్ఫటికంలో పరమాణువుల అమరికను బట్టి లెక్క కడితే ఇరిడియం 22.65, ఆస్మియం 22.61. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పుడున్న సమాచారంతో తేల్చలేమని కూడా రాసి ఉంది! అంటే నేనూ ఆ పిల్లా ఇద్దరం ఒకే పుస్తకం పట్టుకుని కొట్టుకోవచ్చు.

ఆ పంచాయితీ 1989లో తెగింది. ఆర్బ్లాస్టర్ అనే ఆయన స్ఫటికాల కొత్త ఎక్స్-రే కొలతలన్నీ ముందరేసుకుని మళ్లీ లెక్క కట్టాడు. 20 డిగ్రీల దగ్గర ఘన సెంటీమీటరుకు ఆస్మియం 22.59 గ్రాములు, ఇరిడియం 22.56. తేడా వెయ్యింట ఒక వంతు. మార్కు వేసి, ఇదంతా వాళ్ల నాన్నకు వివరంగా చెబితే, "దీనికోసమా సార్ లైబ్రరీ దాకా పొయ్యొచ్చింది?" అన్నాడు. తమరే కదా నాయనా మూడు పుస్తకాలు మోసుకొచ్చింది!

ఆ రోజు నుంచి నేను ఏ అంకె చూసినా ముందు దాని పక్కన ఏం రాశారో చూస్తాను. ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం, ఏ రూపం, ఏ ఏడాది. బంగారాన్నే తీసుకోండి. పాత పుస్తకంలో 1063 డిగ్రీలకు కరుగుతుంది, తర్వాతి వాటిలో 1064.43, ఇప్పుడు 1064.18. కంసాలి మూసలో బంగారం ఎప్పుడూ కరిగే చోటే కరిగింది. 1948, 1968, 1990లలో ఉష్ణోగ్రత స్కేలునే సవరించారు. తగరానికైతే రెండు రూపాలు: తెల్లదాని సాంద్రత 7.3, బూడిద రంగుదానిది 5.77. మామూలు పీడనంలో హీలియం ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు, 25 అట్మాస్ఫియర్ల దాకా నొక్కాలి. గాంధీ రోడ్డులో కొని మా గోడకు తగిలించిన చార్టులో మాత్రం దాని ద్రవీభవన స్థానం -272.2 అని, పీడనం మాటే లేకుండా, నిక్షేపంగా ఉంది. పరమాణు వ్యాసార్థం జోలికి నేను పోను. వేర్వేరు తీరుల్లో కొలిచే సమయోజనీయ వ్యాసార్థాన్నీ లోహ వ్యాసార్థాన్నీ ఒకే వరుసలో కలిపేసి పిల్లలను పోల్చమంటారు!

ఇంకో బాధ గైడులది. ఒకణ్ణి చూసి ఒకడు దించుకుంటారు, అచ్చుతప్పులతో సహా. మూడు గైడుల్లో ఒకే అంకె ఉంది కదా అని మురిసిపోకండి. మూడూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు.

సరే, మీరు అడిగిందానికి వస్తాను. వాయువులకు, ఉష్ణరసాయన విలువలకు నేను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల వెబ్‌బుక్ చూస్తాను. అక్కడ ఒకే ధర్మానికి నలుగురి కొలతలు ఉంటే నాలుగూ పెడతారు, ఎవరు ఏ ఏడాది కొలిచారో కూడా. కొత్తవాళ్లకు అది చిరాకు, నాకు అందుకే నమ్మకం. పరమాణు భారాలకు అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపీఏసీ పట్టిక. మిగతావాటికి సీఆర్‌సీ కొత్త ముద్రణ ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దాంతోనే పొండి. సాంద్రత ఒకచోట నుంచి, ద్రవీభవన స్థానం ఇంకోచోట నుంచి ఏరుకొస్తే తేడా వచ్చినప్పుడు ఎవరిని అడుగుతారు?

పరీక్షకు చదివేవాళ్లు మాత్రం మీ బోర్డు పుస్తకం దాటకండి. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లా 22.7 లీటర్లా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు లేస్తాడు. ఒక అట్మాస్ఫియర్‌ పీడనానికి 22.4, ఒక బార్‌కు 22.7. ఐయూపీఏసీ 1982లో బార్‌కు మారింది, ప్రశ్నలు తయారుచేసేవాళ్లలో కొందరు ఇంకా మారలేదు. ప్రశ్నలో పీడనం ఇస్తే గొడవే లేదు. ఇవ్వకపోతే ఆప్షన్లు చూడండి, చాలాసార్లు రెండిట్లో ఒకటే ఉంటుంది. పీడనం చెప్పకుండా రెండూ ఇచ్చాడంటే మాత్రం ఆ జీపాయన్ను పంపాల్సిందే.